కాటా అక్క కలిపిన బరువు

ఆ ఊళ్ళో విమానం ఎక్కాలంటే టికెట్టు ఉంటే చాలదు, ముందు కాటా ఎక్కాలి. మున్సిపాలిటీ నడిపే విమానాశ్రయం అది. ఒక రన్‌వే, రేకుల కప్పు వేసిన ఒక హాలు, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నగరానికి వెళ్ళొచ్చే ఒకే ఒక్క విమానం. దానికి తొమ్మిది సీట్లు, నడిపేది ఒక్క కెప్టెన్. అంత చిన్నదాంట్లో ఎంత బరువు ఎక్కిందో చూసుకోకుండా లేస్తే రన్‌వే చివరనున్న మురికి కాలవలో తేలాల్సిందే. అందుకని ప్రతి ప్రయాణికుణ్ణీ సామానుతో సహా కాటా ఎక్కించి, ముల్లు చూసి, నల్లబల్ల మీద అంకె వేసి, చివర మొత్తం కట్టి కెప్టెన్‌కి చూపించాలి. ఆ పని చేసే ఆవిడని ఊరంతా కాటా అక్క అంటారు. ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

కాటా అక్కకి మనుషులంటే అసహ్యం. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఆవిడే చెప్పేది. ఆవిడ తండ్రి మార్కెట్ యార్డులో బస్తాలు తూచేవాడు. కాటా పక్కనే పెరిగింది, కాటా పక్కనే అన్నం తింది. బస్తా ఊపిరి బిగబట్టదు. బస్తా ఒంటికాలి మీద నిలబడదు. దించాక "ఏమిటీ, నేనింత ఉన్నానా" అని నీ మొహం మీద పడి అరవదు. మనుషుల్ని తూచడం మొదలుపెట్టాక గానీ బస్తాలు ఎంత మర్యాదస్తులో ఆవిడకి తెలిసిరాలేదు.

ఎన్ని వేషాలో వేసేవాళ్ళు. ఒకాయన గోడకి మోచెయ్యి ఆనించి ఏమీ ఎరగనట్టు పైకప్పు చూస్తూ ఉంటాడు. ఒకావిడ తన సంచీ వెనకున్న చెల్లెలి చేతికిచ్చి ఎక్కుతుంది, మళ్ళీ ఆ చెల్లెలు ఎక్కేటప్పుడు రెండు సంచులూ తను పట్టుకుంటుంది. ఇంకొకడు జేబుల్లో ఉన్నవన్నీ డ్రైవరుకిచ్చి ఎక్కి, దిగి, తలుపు చాటుకు వెళ్ళి మళ్ళీ నింపుకుంటాడు. మరొక ఘనుడు ఎక్కే ముందు కిటికీలోంచి కాండ్రించి ఉమ్మి వచ్చేవాడు, కాస్తయినా తగ్గుతుందని. బూట్లు విప్పి ఎక్కేవాళ్ళ చెమట పాదాల ముద్రలు రబ్బరు పట్టా మీద పడేవి. సాయంత్రం కాటా అక్క ఆ పట్టా మీద ఫినాయిలు పోసి, ముక్కుకి కొంగు కట్టుకుని కడిగి, చేతులు మూడుసార్లు సబ్బుతో రుద్దుకుని ఇంటికి పోయేది.

ఇంట్లో తమ్ముడు ఉండేవాడు, అతని భార్య ఉండేది. కాటా అక్క పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "అంతమందిని తూచాను, ఒక్కడూ నిఖార్సుగా తూగలేదు" అనేది. తమ్ముడు మాత్రం ఆవిడకి ప్రాణం. ఒకప్పుడు ఆ విమానానికి ఇంధనం పోసే పని అతనిది. డ్రమ్ములు ఒంటిచేత్తో దొర్లించేవాడు. అలాంటివాడికి మూత్రపిండాలు రెండూ పాడైపోయాయి. రోజు విడిచి రోజు ఊరి ఆస్పత్రిలో రక్తం శుద్ధి చేయించుకుంటూ, తిన్నది ఒంటబట్టక, నీళ్ళు కూడా కొలత ప్రకారం తాగుతూ చిక్కి సగమయ్యాడు. నగరంలో పెద్దాస్పత్రివాళ్ళు అతని పేరు రాసుకున్నారు. ఎవరిదైనా మూత్రపిండం దొరికితే ఫోను చేస్తామనీ, చేసిన రోజు సాయంత్రంలోగా వచ్చి పడుకోకపోతే వెనకున్నవాళ్ళకి ఇచ్చేస్తామనీ చెప్పారు. రోడ్డున వెళ్ళాలంటే కొండంతా చుట్టి వెళ్ళాలి, మర్నాటికి గానీ చేరరు. ఆకాశంలో గంట. కాబట్టి ఆ ఇంటిల్లిపాది ఆశంతా రెండింటి మీదే ఉండేది, ఒకటి ఆ ఫోను, రెండోది ఆ విమానం.

ఇక విమానం వల్ల ఆ ఊరికి పట్టిన పిచ్చి సంగతి చెప్పుకోవాలి. చాలా కాలం క్రితం, ఆ మైదానంలో పశువులు మేసే రోజుల్లో, ఒక విమానం దారి తప్పి, ఇంధనం అయిపోయి అక్కడ దిగింది. దిగినవాడు ఎవరో, ఎక్కడికి పోతున్నాడో ఎవరికీ సరిగా తెలియదు. కింద కాలు పెట్టగానే వాడు చేసిన మొదటి పని భళ్ళున వాంతి చేసుకోవడం. ఆ వాంతి మీద మట్టి పోసి ఎత్తింది కాటా అక్క నానమ్మే. తర్వాత వాడు నీళ్ళు తాగి, ఇంధనం పోయించుకుని, ఇది ఏ ఊరని అడిగి, తెలుసుకుని, ఇక్కడికి రావాలనుకోలేదే అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు. ఆ ఊరి విమానయాన చరిత్ర అక్కడితో మొదలు, అక్కడితో సరి.

కానీ పక్క ఊళ్ళో ఏ విమానమూ దిగలేదు. అది చాలు. మున్సిపాలిటీవాళ్ళు వెంటనే మైదానం చదును చేయించి, పశువుల్ని తరిమి, విమానాశ్రయం అని బోర్డు పెట్టారు. ఆ దారి తప్పినవాడు తొలి విమాన వీరుడయ్యాడు. హాల్లో గోడమీద అతని ఫొటో ఉంది, చెయ్యి ఎత్తి ఉంటాడు. జనానికి అభివాదం చేస్తున్నాడని దాని కింద రాశారు. ఈగలు తోలుకుంటున్నాడని నానమ్మ చచ్చేదాకా చెబుతూనే ఉంది. వాంతి పడ్డ చోట ఇప్పుడు రాతి దిమ్మె ఉంది. డెబ్బై అయిదేళ్ళ ఉత్సవాలకి దానిమీద కంచు విగ్రహం పెట్టాలని కమిటీ వేశారు. మున్సిపల్ చైర్మన్‌గారి భార్య ఆ కమిటీకి అధ్యక్షురాలు.

ఆవిడ వల్లే కాటాకి రోగం పట్టింది. రెండేళ్ళ కిందట ఒక పొద్దున ఆవిడ నగరానికి బయలుదేరి కాటా ఎక్కింది. అప్పట్లో కాటా అక్కకి, యార్డులో తండ్రి అరిచినట్టే, అంకె గట్టిగా పైకి చెప్పడం అలవాటు. చెప్పింది. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. చైర్మన్‌గారి భార్య దిగి, మొహం జేవురించి, విమానాశ్రయం మేనేజర్‌ని పక్కకి పిలిచింది.

ఆ సాయంత్రం మేనేజర్ స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చాడు. కాటా కింద ఒక మర ఉంటుంది, దాన్ని తిప్పితే ముల్లు ముందుకో వెనక్కో జరుగుతుంది. అతను ముల్లుని అయిదు కిలోలు వెనక్కి లాగాడు. ఇప్పుడు కాటా మీద ఎవరూ లేనప్పుడు ముల్లు సున్నా కిందకి దిగిపోయి ఉంటుంది కదా, అది కనపడకుండా అద్దం మీద ఆ మూల ఒక విమానం బొమ్మ అతికించాడు. ఉత్సవాల గుర్తు.

"ఇదేం పనండీ? కాటాతో ఆటలా?" అంది కాటా అక్క.

"ఎవరికమ్మా నష్టం? నలుగురూ సంతోషంగా ఎక్కుతారు. మన ఊరికి మంచిపేరు వస్తుంది."

"కెప్టెన్‌గారి సంగతేంటి? ఆయన నా అంకె చూసుకునేగా లేపుతారు."

"ఆయన చెవిన పడిందంటే ఆ ముసలాయన ఒంటికాలి మీద లేస్తాడు, విమానం ఆపేస్తాడు. ఆ తర్వాత నీ ఉద్యోగం సంగతి నేను చెప్పలేను. ఇంట్లో మీ తమ్ముడి ఆరోగ్యం కూడా అంత బాగా లేదని విన్నాను, అవసరానికి విమానం కావాలి కదా మీకు" అన్నాడు మేనేజర్, ఎంతో సానుభూతిగా. ఆ సానుభూతికి చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది ఆవిడకి. ఫినాయిలు బకెట్టు పట్టుకుని వెళ్ళిపోయింది.

రాత్రంతా ఆలోచించి తనకి తానే ఒక దారి వెతుక్కుంది. నోటితో చెప్పేది ఒకటి, బల్ల మీద రాసేది ఒకటి. ముల్లు చూపించిన అంకె ప్రయాణికుడికి మాత్రమే వినపడేలా చెబుతుంది. దానికి అయిదు కలిపి నల్లబల్ల మీద వేస్తుంది. నల్లబల్ల కౌంటరు లోపల, రన్‌వే తలుపు వైపు తిరిగి ఉంటుంది, ప్రయాణికులకి కనపడదు. అబద్ధం జనానికి, నిజం కెప్టెన్‌కి. విమానానికి ఏ ప్రమాదమూ లేదు, తన ఉద్యోగానికీ లేదు. అంకె సరిగ్గా ఉన్నాక ఆయనకి చెప్పి గొడవ పెట్టడం దేనికని ఊరుకుంది.

ఊళ్ళో జనం సంతోషానికి పట్టపగ్గాలు లేవు. తిండి తగ్గించానని ఒకడు, పొద్దున్నే నడుస్తున్నానని ఒకతె. డాక్టరు దగ్గర కాటా తప్పు చూపిస్తోందని ఊరంతా అనుకోవడం మొదలుపెట్టారు. ప్రయాణం ఏమీ లేకుండానే ఊరికే తూగి పోదామని వచ్చేవాళ్ళు తయారయ్యారు. ఇకిలిస్తూ ఎక్కేవాళ్ళు, దిగి పొట్ట నిమురుకునేవాళ్ళు. "తగ్గాను కదక్కా?" అంటే, "తగ్గారు" అనేది కాటా అక్క. ఆ మాట అన్న ప్రతిసారీ తన నోరు తనకే కంపు కొట్టినట్టుండేది. కానీ బల్ల వైపు తిరిగి అసలు అంకె వేయగానే కాస్త తేలికపడేది. ఈ కుళ్ళులో మనిషిలా ఉన్నది నేనొక్కదాన్నే అనుకునేది. ఆ అహంకారంతోనే రెండేళ్ళూ నెట్టుకొచ్చింది.

ఆ రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. కెప్టెన్ తొమ్మిదోవాణ్ణి ఎక్కించుకోవడం మానేశాడు. బల్ల చూసేవాడు, కాసేపు పెదవులు కదిపేవాడు, "ఎనిమిది మందే. బరువు ఎక్కువైంది" అనేవాడు. ఎవరెంత బతిమాలినా అదే మాట. పెద్దవాడైపోయాడు, భయం పట్టుకుంది కాబోలు అనుకుంది కాటా అక్క. ఎంత బరువుతో లేవాలన్నది గాలీ, ఇంధనం, ఇంజను వయసూ చూసి ఆయన తేల్చుకునే లెక్క. ఆవిడ అందులో ఎన్నడూ వేలు పెట్టలేదు.

కొన్నాళ్ళు జనం సణిగారు. తర్వాత ఆ ఖాళీ సీటుకి కూడా కమిటీవాళ్ళు చరిత్ర కట్టారు. తొలి విమాన వీరుడి గౌరవార్థం మా ఊరి విమానంలో ఒక సీటు ఎప్పుడూ ఖాళీగా ఉంచుతామని పత్రికలకి చెప్పారు. సీటుకి ఎర్ర రిబ్బను కట్టారు. బయట ఊళ్ళవాళ్ళు వచ్చి దాన్ని ఫొటోలు తీసుకునేవాళ్ళు, ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది. వాంతి చేసుకుని పోయినవాడికి సీటేమిటి, రిబ్బనేమిటి అని కాటా అక్క ఇంటికొచ్చి చెబితే, తమ్ముడు మంచం మీద పడి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. అతను నవ్వుతున్నాడని ఇంకా కల్పించి చెప్పేది.

ఫోను ఒక మధ్యాహ్నం వచ్చింది. మూత్రపిండం దొరికింది, సాయంత్రంలోగా రమ్మన్నారు. మరదలు రెండు చొక్కాలు సంచీలో కుక్కి, మొగుణ్ణి ఆటోలో కూర్చోబెట్టుకుని వచ్చేసరికి, కాటా అక్క మధ్యాహ్నం విమానానికి తూకాలు వేస్తోంది. ఎనిమిది టికెట్లూ అమ్ముడైపోయాయి. ఉన్నది రిబ్బను కట్టిన సీటు.

"ఆ సీటు ఇవ్వండి" అంది మేనేజర్‌తో.

"అది గౌరవ సీటమ్మా, కమిటీ తీర్మానం..."

"తీర్మానం నెత్తిన పెట్టుకుని ఊరేగండి. మా తమ్ముడు చచ్చిపోతాడు."

మేనేజర్ అటూ ఇటూ చూసి, "కెప్టెన్ ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం" అని తప్పించుకున్నాడు.

తమ్ముణ్ణి కాటా ఎక్కించింది. వేషాలు వేయకుండా నిటారుగా నిలబడ్డాడు. ముల్లు ముప్పై తొమ్మిది దగ్గర ఆగింది. ఒకప్పుడు డ్రమ్ములు దొర్లించినవాడు, సంచీతో కలిపి ముప్పై తొమ్మిది. అయిదు కలిపి నలభై నాలుగు అని వేసింది, సుద్దముక్క విరిగిపోయింది. మిగిలిన ముక్కతో మొత్తం కట్టింది.

ఆ రోజు ప్రయాణికుల్లో చైర్మన్‌గారి భార్య ఉంది. ఆవిడ సామాను ఒక చెక్కపెట్టె. అందులో విమాన వీరుడి తలకాయ, ప్లాస్టరుతో చేసిన నమూనా, కంచు పోతపోసేవాడికి చూపించాలట. దాని బరువు ఒక పెద్ద మేకంత ఉంది.

కెప్టెన్ వచ్చి బల్ల చూశాడు. తమ్ముణ్ణి చూశాడు. వీడికి తనే ఒకప్పుడు ఇంధనం పోయడం నేర్పాడు. పెదవులు కదిపాడు, మళ్ళీ మొదటినుంచి కదిపాడు. "ఎక్కువైంది" అన్నాడు.

"ఆ తలకాయ దించేస్తే?"

"దించినా చాలదమ్మా. ఒక మనిషి ఆగాలి." ఆయన హాలు వైపు తిరిగాడు. "ఎవరైనా ఒక్కరు రేపు పొద్దున వెళ్ళగలరా? ఇతనికి ఆపరేషను ఉంది."

ఒకడు గడియారం చూసుకున్నాడు. ఒకడు బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒకావిడ "అయ్యో పాపం" అని పక్కావిడ చెవిలో అని, తన టికెట్టు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. చైర్మన్‌గారి భార్య ముందుకొచ్చి, "నాకు ఆగడానికి అభ్యంతరం లేదు, కానీ ఉత్సవం దగ్గరపడింది. ఊరి పని కదా, నా సొంతం కాదు" అంది. ఎనిమిది మందీ, ఆ అయిదు కిలోలు తగ్గి మురిసిపోయినవాళ్ళే. వాళ్ళ చెమట ముద్రలు తను రోజూ కడుగుతోంది. ఒక్కొక్క మొహం చూస్తూ ఉంటే కాటా అక్కకి నోట్లో పుల్లటి నీళ్ళూరాయి.

"పోనీలే అక్కా. మళ్ళీ పిలుస్తార్లే" అన్నాడు తమ్ముడు.

విమానం తలకాయతో సహా లేచిపోయింది. మరదలు అక్కడే కుర్చీలో కూర్చుని ఆస్పత్రికి ఫోను చేసి, రాలేకపోతున్నామని చెప్పింది. వాళ్ళు సరేనని పెట్టేశారట, వెనకున్నవాళ్ళకి చేసుకోవాలి కదా.

మర్నాడు కెప్టెన్ రెండుసార్లూ నగరానికి వెళ్ళొచ్చాడు. సాయంత్రం వాళ్ళింటికి వచ్చాడు. రాకుండా ఉండలేకపోయానన్నాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చాలాసేపు గచ్చు చూస్తూ ఉన్నాడు. మరదలు కాఫీ కలిపి తెచ్చింది.

తమ్ముడే మాట కలిపాడు. "నేను పనిచేసే రోజుల్లో తొమ్మిది మందినీ తీసుకెళ్ళేవారు కదండీ. ఇంజను బాగా అరిగిందా?"

"ఇంజను కొత్తది. పోయినేడే మార్చారు."

"మరి?"

కెప్టెన్ కాటా అక్క వైపు చూశాడు, మళ్ళీ గచ్చు వైపు. "అప్పట్లో కాటా నిజం చెప్పేది" అన్నాడు.

కాటా అక్క అన్నం గిన్నె దించి ఇవతలికొచ్చింది. "అంటే?"

"ముల్లు వెనక్కి తిప్పారు కదమ్మా. ఆ బొమ్మ అతికించిన మర్నాడే చూశాను. పొద్దున్నే ఎవరూ లేనప్పుడు వంగి చూస్తే కనపడుతుంది. మనిషికి అయిదు కిలోలు. అందుకని నువ్వు రాసినదానికి మనిషికి అయిదు చొప్పున నేను కలుపుకుంటున్నాను. ఏం చేయను, నా వెనక కూర్చునేవాళ్ళ ప్రాణాలు."

వీధిలో ఎవడో పాత సామాన్లు కొంటామని అరుస్తూ పోయాడు.

"నేను కలిపే రాస్తున్నాను" అంది కాటా అక్క. "మొదటి రోజు నుంచీ. జనానికి చెప్పేది వేరు, మీకు రాసేది వేరు. బల్ల మీద ఏనాడూ తప్పు వేయలేదు."

కెప్టెన్ చేతిలోని కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

మంచం మీదనుంచి తమ్ముడు నెమ్మదిగా అన్నాడు. "తొమ్మిదైదులు నలభై అయిదు, లేని బరువు. నేను నలభై నాలుగే కదక్కా."

మరదలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. వచ్చి, కెప్టెన్ పక్కన పెట్టిన కాఫీ గ్లాసు తీసుకుని, తూములో పారబోసి, లోపలికి పోయింది.

"ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదమ్మా" అన్నాడు కెప్టెన్. "వారం రోజులు చూశాను, నువ్వొచ్చి చెబుతావని. రాలేదు."

"అంకె సరిగ్గానే ఉంది కదా అని. మీరైనా అడగొచ్చు కదా."

"అడిగితే నిజమే రాస్తున్నానంటావు. అబద్ధం రాసేవాళ్ళూ అదే అంటారు." ఆయన లేచాడు. గొంతులో కోపం లేదు, అదే ఆవిడకి ఎక్కువ మంట పుట్టించింది. "నా కళ్ళముందే రోజూ ప్రతి మనిషికీ మొహం మీద అబద్ధం చెబుతున్నావు. అంత తేలిగ్గా, నవ్వుతూ. నా ఒక్కడికి మాత్రం నిజం చెబుతావని నేనెలా అనుకోను?"

ఆయన వెళ్ళిపోయాక కాటా అక్క పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుంది. సబ్బు అరిగేదాకా కడుక్కుంది. చైర్మన్‌గారి భార్య మీద, మేనేజర్ మీద, టికెట్లు పట్టుకుని కూర్చున్న ఎనిమిది మంది మీద ఇంత అసహ్యం మోసుకు తిరిగింది గానీ, ఆ ముసలాయన రెండేళ్ళుగా తనని కూడా వాళ్ళతోనే కలిపి తూచాడని ఆవిడకి ఇప్పటిదాకా తెలియదు. తెలిశాక ఆయన్ని తిడదామంటే నోరు రాలేదు. నవ్వుతూ "తగ్గారు" అన్న నోరే అది.

మర్నాడు అందరికంటే ముందు వెళ్ళింది. అద్దం మీద విమానం బొమ్మని గోరుతో గీకి పీకేసింది. మర తిప్పి ముల్లుని సున్నా మీదకి తెచ్చింది. నల్లబల్లని ఇటు తిప్పి హాలు వైపు పెట్టింది, అందరికీ కనపడేలా. పొద్దుటి విమానానికి వచ్చినవాళ్ళు వరసగా కాటా ఎక్కారు. తండ్రి అరిచినట్టే గట్టిగా అరిచి చెప్పింది.

ముందు ఎక్కిన కాంట్రాక్టర్ నిన్నగాక మొన్న ఇంత లేనే అన్నాడు. "మొన్న కూడా ఇంతే ఉన్నారు, నేను అబద్ధం చెప్పాను" అంది. వెనకావిడ సగం ఎక్కిన కాలు దించేసుకుంది. ఒకడు కాటా పాడైందన్నాడు, ఒకడు ఈవిడకి తమ్ముడి గొడవలో మతి చలించిందన్నాడు. మొన్న కళ్ళెత్తి చూడనివాళ్ళకి ఇవాళ ఎక్కడలేని నోళ్ళూ వచ్చాయి. మేనేజర్ పరుగున వచ్చి, అద్దం చూసి, నెత్తి పట్టుకున్నాడు.

"ఉత్సవం ముందు ఇదేం పని? నీకసలు బుద్ధుందా?"

"ఇవాళే వచ్చింది."

"నెల తిరక్కుండా నిన్ను ఇక్కడినుంచి పంపించకపోతే చూడు."

"పంపించండి. అందాకా ముల్లు ముట్టుకున్నారంటే చెయ్యి విరిచేస్తాను" అంది. ఆవిడ గొంతు చూసి మేనేజర్ వెనక్కి తగ్గాడు, ఫోను చేయడానికి గదిలోకి పోయాడు. నలుగురి ముందూ అన్నందుకు సంతోషమేమీ కలగలేదు. ఆ మనిషిని తిట్టడానికి పట్టిన ఉమ్మి కూడా దండగనిపించింది. ఆవిడకి కావలసింది ఒక్కడే, కెప్టెన్. రేపో ఎల్లుండో మళ్ళీ ఫోను వస్తే, ఆ రోజు తన అంకెని ఆయన ఉన్నదున్నట్టు తీసుకోవాలి. దానికోసమే ఇదంతా.

కెప్టెన్ టోపీ చంకలో పెట్టుకుని వచ్చాడు. పీకేసిన బొమ్మ జాడ చూశాడు. హాలు వైపు తిరిగిన బల్ల చూశాడు. ఆ పొద్దు తొమ్మిదో మనిషి కూడా ఉంది, నగరంలో ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళాల్సిన ఒక అమ్మాయి. గౌరవ సీటైనా ఇప్పించమని మేనేజర్‌తో చెప్పించుకుని, ఫైలు గుండెలకి ఆనించుకుని నిలబడి ఉంది.

"ముల్లు సరిచేశానండీ" అంది కాటా అక్క. "ఇవాళ నుంచి చెప్పేదీ రాసేదీ ఒకటే. ఏమీ కలపలేదు, ఏమీ తీయలేదు. మీరే వచ్చి చూసుకోండి."

ఆయన వంగి ముల్లు చూశాడు. సున్నా మీద ఉంది. "మంచిపని చేశావమ్మా" అన్నాడు. నిజంగానే అన్నాడు.

తర్వాత బల్ల ముందు నిలబడ్డాడు. పెదవులు కదలడం మొదలుపెట్టాయి. ఆవిడ ఆ పెదవుల వైపే చూస్తూ నిలబడింది. మొత్తం దగ్గర ఆగాలి. ఆగలేదు. అయిదు, పది, పదిహేను అంటూ ఇంకా కదులుతూనే ఉన్నాయి, నలభై అయిదు దాకా.

"ఎనిమిది మందే" అన్నాడు కెప్టెన్. ఫైలు పట్టుకున్న అమ్మాయి మొహం పాలిపోయింది.

కాటా అక్క ఆయన వెనకే రన్‌వే తలుపు దాకా వెళ్ళింది. "ఇంకా నమ్మరా?" అంది, ఎవరికీ వినపడకుండా.

ఆయన ఆగాడు. ఆవిడ మొహంలోకి చూడలేక ఆవిడ చేతిలోని సుద్దముక్క వైపు చూశాడు.

"కొన్నాళ్ళు పోనీ అమ్మా" అన్నాడు.

ఆ కొన్నాళ్ళు తమ్ముడి దగ్గర ఉన్నాయో లేవో ఆయన అడగలేదు.